గాలి పట్టిన బ్రేకు

నీ చేతి నుంచి బయటికి పోయిన చివరి బండి బ్రేకు మీద నువ్వు స్వయంగా కాలు పెట్టి చూశావా, లేక ఎవరో "అయింది" అంటే విని తాళంచెవి ఇచ్చేశావా?

నాకు జవాబు చెప్పనక్కరలేదు. నీకు నువ్వు చెప్పుకో. మోటారు పనిలో నలభై ఏళ్ళు గడిపినవాణ్ణి. ఎన్ని బళ్ళు బాగుచేశానో రాయడానికి కూర్చోలేదు. ఒక బండి దగ్గర నేను చేసిన తప్పును, ఆ తప్పు ఒక ఆడమనిషి నోటి దాకా ఎలా వచ్చిందో రాయడానికి కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు చదవాలి. ఇది చదివి నన్ను నాస్తికుడంటే అనండి, నాకు కొత్త కాదు.

పని ఏమిటంటే

ఇప్పుడు మీరు చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు కాలిపర్లు మారుస్తున్నారు. ఇంటి ముందరే జాకీ ఎత్తి, సాయంత్రానికి పని ముగించి, చేతులు తుడుచుకుంటున్నారు. మా రోజుల్లో కాలిపర్లు లేవు. చక్రం వెనక డ్రమ్ము, డ్రమ్ములో చిన్న సిలిండరు, ఆ సిలిండరులో రబ్బరు వాషర్లు. రూపం వేరు గానీ సూత్రం ఒకటే. కాలితో తొక్కితే ఆ బలాన్ని నూనె మోసుకుపోయి చక్రం దగ్గర దించుతుంది. నూనెను నొక్కితే నలగదు, అందుకే మోస్తుంది. గాలిని నొక్కితే నలుగుతుంది. గొట్టంలో గుక్కెడు గాలి మిగిలినా నీ కాలి బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా ఏమీ చేరదు. పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. అంతే. ఇందులో రహస్యం లేదు.

సిలిండరు మార్చడానికి గొట్టం విప్పితే గాలి దూరుతుంది. ఎవరు విప్పినా దూరుతుంది. దాన్ని బయటికి పంపడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని తొక్కాలి, ఒకరు చక్రం వెనక పడుకుని పానాతో చిన్న నట్టు విప్పాలి. నట్టుకు రబ్బరు గొట్టం తొడిగి, దాని రెండో కొసను నూనె పోసిన గాజు సీసాలో ముంచాలి. "తొక్కు" అంటే తొక్కాలి. నట్టు విప్పితే సీసాలో బుడగలు వస్తాయి. "పట్టు" అంటే కాలు తీయకుండా పట్టి ఉంచాలి, నట్టు బిగించాలి. "ఇడువు" అంటే వదలాలి. బుడగ రావడం ఆగేదాకా ఇదే పని. ముందు, పెడలు దగ్గర నూనెను తోసే మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రం, చివర దగ్గరి చక్రం. మధ్యలో పైన డబ్బాలో నూనె అడుగంటనివ్వకూడదు. అడుగంటితే మళ్ళీ మొదటికి.

ఈ పని నాకు నేర్పిన మనిషిని ఊరంతా ఉస్తాద్ అనేది. నేనూ అలాగే రాస్తాను. నకిరేకల్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. పోలీస్ యాక్షన్ అయి పదేళ్ళు కూడా నిండని రోజులు. ఆయన దగ్గర చేరిన మొదటి వారమే రబ్బరు వాషర్లను కిరోసిన్‌లో కడిగాను. నా చెవి పట్టుకుని షెడ్డు బయటికి తీసుకుపోయి, "గిది ఇనుము గాదు రా. గ్యాస్‌నూనెల కడిగితె ఉబ్బుతది. రేపు గీ వాషర్ మీద ఒక మనిషి పానం వేలాడుతది, గుర్తు పెట్టుకో" అన్నాడు. చెవి నొప్పి మర్చిపోయాను. మాట మర్చిపోలేదని అనుకునేవాణ్ణి.

నేనన్న మాట

రామన్నపేట వైపు ఒక ఊరి పటేలుకు పాత విలాయతి కారు ఉండేది. ఆ ఊరి పేరు రాయను. ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే బతుకుతున్నారు. కారు నడిపేది యాదగిరి. అంతకుముందు ఎడ్లబండి తోలేవాడు, పటేలు పొలం గట్ల మీదనే స్టీరింగు నేర్చుకున్నాడు. మంచి చెయ్యి. బండి లోపల ఏముందో మాత్రం తెలియదు. తెలియాల్సిన పని లేదని అప్పట్లో అందరూ అనుకునేవాళ్ళు, నేను కూడా.

నాలుగు చక్రాల సిలిండర్లూ కారుతున్నాయని కారు తెచ్చాడు. ఉస్తాద్ సామాన్ల కోసం హైదరాబాద్ పోయాడు. నాలుగూ మార్చాను. గాలి తీయడం మొదలుపెట్టేసరికి బ్రేకాయిల్ డబ్బా అయిపోయింది. యాదగిరి నిలువుకాళ్ళ మీద ఉన్నాడు.

"అన్నా, పటేలు ఎల్లుండి పెండ్లికి పోవాలె. బండి లేకపోతె నన్ను బతకనియ్యడు."

"తీస్కపో. గని మెల్లగ, మొదటి గేర్ల పో. బ్రేకులకు గాలి పట్టింది. గాలి తీపియ్యంది బండి బయటికి తియ్యకుండ్రి."

ఈ మాటను మళ్ళీ చదవండి. ఎక్కడ తప్పుందో చూడండి. ఎవరు తీయాలో చెప్పలేదు. నూనె దొరకగానే నేను వచ్చి తీస్తానని చెప్పలేదు. ఏ గాలో చెప్పలేదు. మా ప్రాంతంలో మనిషికి గాలి పట్టింది అంటే ఏమిటో మీకు తెలుసు. పసిపిల్ల జ్వరంతో కలవరిస్తే గాలి. బాలింత మాట్లాడకపోతే గాలి. గాలి తీపియ్యడం అంటే ఎవరి దగ్గరికి పోవడమో ఊళ్ళో అందరికీ తెలుసు. యాదగిరికి తెలిసిన ఇంకో గాలి టైర్లలో ఉండేది. టైర్లు నిండుగానే ఉన్నాయి. నా మాటను పొల్లుపోకుండా పటేలు ఇంట్లో అప్పజెప్పాడు. పటేలు తల్లి మంత్రగాణ్ణి పిలిపించింది.

ఆ ఆదివారం నేనేం చేస్తున్నానో కూడా రాస్తాను, సిగ్గుపడకుండా. మా గ్రంథాలయంలో వారం వారం చర్చలు జరిగేవి. ఆ వారం విషయం "దయ్యం ఉందా?" లేదని గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఒక బడిపంతులు లేచి వచ్చి నా భుజం తట్టాడు. ఆయన సైకిల్ హ్యాండిల్‌కు మిరపకాయలు కట్టి ఉండేవి, అది వేరే సంగతి. నేను చప్పట్లు అందుకుంటున్న పూట, నా మాట పట్టుకునే, కొన్ని మైళ్ళ దూరంలో ఒక కారు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. కోడిని కోశారు. స్టీరింగుకు నల్లదారం కట్టారు.

తర్వాత యాదగిరి బండి తీశాడు. భయంతో పెడలును నాలుగైదుసార్లు వరసగా తొక్కాడు. గాలి పట్టిన బ్రేకును అలా గబగబా తొక్కితే కాసేపు పట్టుకుంటుంది. నూనె కొంచెం కొంచెంగా ముందుకు తోసుకుపోతుంది కాబట్టి. బండి ఆగింది. "గాలి దిగింది, దిగింది!" అన్నారు అందరూ. మూఢనమ్మకం ఎప్పుడూ ఉత్త అబద్ధం మీద నిలబడదు, అర్థం కాని ఒక నిజం మీద నిలబడుతుంది. అందుకే దాన్ని కూల్చడం కష్టం.

మరునాడు యాదగిరి మా షెడ్డు ముందు నుంచి పోతూ బండిలో నుంచే అరిచాడు.

"అన్నా! గాలి తీపిచ్చినం!"

రామన్నపేటలో ఎవరో మేస్త్రి తీసి ఉంటాడనుకున్నాను. చెయ్యి ఊపాను. పది అడుగులు నడిచి పోయి, పెడలు మీద ఒక్కసారి కాలు పెట్టలేదు.

గుట్ట దిగే దారి

ఆనాడే పటేలును పెండ్లికి తీసుకుపోతున్న బండి గుట్ట దిగుతుండగా గొర్రెల మంద రోడ్డు మీదికి వచ్చింది. యాదగిరి ఒక్కసారి తొక్కాడు. పెడలు నేలకు ఆనింది. రెండోసారి తొక్కే వ్యవధి లేదు. హ్యాండుబ్రేకు తీగ ఎప్పుడో తెగిపోయింది, దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. గొర్రెల కాపరిని తప్పించడానికి బండిని బండరాయికి కొట్టాడు. మూడు గొర్రెలు చచ్చాయి. కాపరి బతికాడు. పటేలు కుడిచెయ్యి విరిగింది.

ఆ రాయికేసి తిప్పిన యాదగిరికి ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు. మంత్రగాడు వచ్చి చక్రాలు చూసి, "నేను తీసిన గాలిని మల్ల ఎవలో పంపిన్రు. గిది బాణామతి" అన్నాడు. తన పని పనికిరాలేదని ఒప్పుకోవడం కన్నా ఇంకొకరి మీద నేరం మోపడం తేలిక. బాణామతి అంటే చేతబడి. పంపిందెవరు? జవాబు ఊరి దగ్గర సిద్ధంగా ఉంది. బాలమ్మ అనే ఒంటరి ఆడమనిషి. నాలుగు మేకలు మేపుకుని బతికేది. నెల కిందట ఆ కారు ఆమె మేకపిల్లను తొక్కితే నడిబజారులో నిలబడి, "నీ బండి గుట్ట కింద వడ!" అని తిట్టింది. బండి గుట్ట కిందే రాయికి గుద్దుకుంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

యాదగిరి సైకిల్ మీద నకిరేకల్ వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. ఉస్తాద్ కూడా హైదరాబాద్ నుంచి తిరిగొచ్చి షెడ్డులోనే ఉన్నాడు.

"అన్నా, పొద్దటిసంది బాలమ్మను పటేలు వాకిట్ల కూసోవెట్టిన్రు. పొద్దు గూకినంక పండ్లు రాలగొడ్తరట. పండ్లు లేకుంటె మంత్రం నోట పలకదట. నీ మాటనే నేను చెప్పిన గద అన్నా. గాలి పట్టిందంటివి గద."

ఉస్తాద్ నా వైపు తిరిగాడు.

"ఏమన్నవ్ రా?"

చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. స్టూలు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"ఉర్దూల హవా అన్నా గంతే అయితుండె. మా తాన గూడ హవా లగ్‌గయీ అంటె దయ్యమే. ఇగ మాటతోని గాదు. సీసతోని చెప్పాలె."

"నువ్వు గూడ రా ఉస్తాద్."

"నేనెందుకు? అన్నది నువ్వు. నువ్వే పో. పోయి ముందుగాల తప్పు నాది అని చెప్పు. తర్వాత పానా పట్టు. ఉల్టా చేసినవనుకో, ఎవడు ఇనడు."

కొత్త నూనె డబ్బా నా చేతిలో పెట్టాడు. బాసుల గురించి నా అభిప్రాయం ఇది: నీ తప్పును కప్పిపెట్టేవాడు నిన్ను పాడుచేస్తాడు. నీ తప్పు దగ్గరికి నిన్నే పంపేవాడు నిన్ను మనిషిని చేస్తాడు. అలాంటి బాసు నాకు ఒక్కడే దొరికాడు.

పటేలు వాకిలి

కారును ఎడ్లతో లాక్కొచ్చి పటేలు ఇంటి ముందు నిలబెట్టారు. ముందు భాగం నలిగింది గానీ చక్రాలు, గొట్టాలు బాగున్నాయి. వాకిట్లో ఊరు సగం ఉంది. బాలమ్మ మధ్యలో నేల మీద కూర్చుంది. ఏడవడం లేదు. పటేలు అరుగు మీద, చెయ్యికి వెదురుబద్దలు కట్టుకుని.

"పటేలా, తప్పు నాది" అన్నాను. "కొత్త సిలిండర్లు ఏసి గొట్టాలల్ల గాలి తియ్యకుంటనే బండి ఇచ్చిన. మీ చెయ్యి ఇరిగింది నా పనితోని. బాలమ్మతోని గాదు."

"అంటె నా చెయ్యి నువ్వు ఇర్సినట్టేనా?"

"అవ్ పటేలా. నేనే."

గుంపులో నుంచి ఎవరో, "వీన్ని గూడ కూసోవెట్టుండ్రి పక్కన!" అన్నారు. కొందరు నవ్వారు. మంత్రగాడు నవ్వలేదు.

గాలిని చూపిస్తాను, కంటితో చూడండి అన్నాను. తొక్కడానికి ఒక మనిషి కావాలన్నాను. ఎవరూ కదలలేదు. దయ్యం పట్టిన బండిలో ఎవరు కూర్చుంటారు? యాదగిరి ముందుకు రాబోతే అతని భార్య చొక్కా పట్టి లాగింది. అప్పుడు మంత్రగాడు మెత్తగా అన్నాడు.

"బాలమ్మనే తొక్కనియ్యి మేస్త్రీ. అప్పుడే తెలుస్తది."

నేను సంతోషించాను! చర్చల్లో గెలిచే అలవాటు మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో చూడండి. నిందపడ్డ మనిషి కాలితోనే నిజం తేలుతుంది, ఎంత బాగుంటుంది అనుకున్నాను. "రా బాలమ్మా" అన్నాను.

ఆమె లేవలేదు.

"నేను తొక్కుత. అది గట్టివడ్తది. గట్టివడితె నేనే పెట్టిన, నేనే తీసిన అంటరు. గట్టివడకపోతె తీస్తలేదు అంటరు. ఎటు జేసినా రాలేటివి నా పండ్లే గద బిడ్డా! నేను ముట్ట. నిమ్మకాయలు పెట్టిచ్చిందెవలు? గా పెద్దవ్వను తొక్కుమను."

గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన నాకు తట్టని తర్కం అది. పుస్తకం పట్టని మనిషి, దంతాలు ఊడబోతున్న మనిషి, ఒక్క గుక్కలో ఉచ్చును విప్పి చూపించింది. ఆ రోజు నుంచి తర్కం చదువుకున్నవాళ్ళ సొత్తు అన్నవాడితో నేను పోట్లాడుతూనే ఉన్నాను.

పటేలు తల్లి అరుగు దిగింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. మొండిది.

"నేను తొక్కుత. ఇది నన్నేం జేస్తదో చూస్త. ఏడ తొక్కాలె రా?"

"నడుమది అవ్వా. ఎడమది గాదు."

"కాలు అందుతలేదు."

"గొంగడి మడిచి ఈపు ఎనక పెట్టుండ్రి."

"ఆగు, చెప్పు ఇడుస్త. లచ్చిమి మీద చెప్పుకాలు వెట్టొద్దు."

నేను కారు కింద పడుకున్నాను. సీసాను అందరికీ కనబడేలా రాయి మీద పెట్టాను. "తొక్కు!" అన్నాను. నట్టు విప్పాను. సీసాలో బుడబుడమని బుడగలు లేచాయి. గుంపు వెనక్కి జరిగింది, వెంటనే అంతకంతా ముందుకు వచ్చింది.

"పట్టు!"

"పట్టిన!"

"ఇడువు!"

"ఇడ్సిన! ఏందిరా ఇది, జావల కాలు వెట్టినట్టున్నది."

"మల్ల తొక్కు అవ్వా!"

చక్రం తర్వాత చక్రం. అరవై డెబ్బైసార్లు తొక్కి ఉంటుంది. ఒక్కసారి కూడా అలిసిపోయానని అనలేదు. నాలుగో చక్రం దగ్గర బుడగలు ఆగాయి. పైన నుంచి కేక వినిపించింది.

"వారీ! గట్టివడ్డదిరో! బండ మీద కాలు వెట్టినట్టే ఉన్నది!"

నేను కారు కింద నుంచి బయటికి వచ్చాను, గెలిచాననుకుంటూ. మంత్రగాడు నాకన్నా ముందున్నాడు. రెండు చేతులూ పైకెత్తి అరిచాడు.

"మేస్త్రి పెద్దోడు! గాలిని సీసల పట్టిండు! మూత వెట్టు మేస్త్రీ, ఊరి బయట బొందవెడ్దాం!"

జనం దండాలు పెట్టారు. నాకు! పటేలు కూడా తల ఊపాడు. ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమాడను. ఊరుకుంటే చాలు. దెబ్బలు లేవు, పైగా గౌరవం. బాలమ్మ వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. అప్పుడు అర్థమైంది. సీసాలో ఉన్నది దయ్యమైతే, దాన్ని పంపిన మనిషి ఇంకా ఈ వాకిట్లోనే ఉంది. నేను మంత్రగాణ్ణైతే ఆమె బాణామతిదే. నా గౌరవం ఆమె పళ్ళ మీద కూర్చుంటుంది.

సీసా ఎత్తి చూపించాను.

"దీన్ల చూడుండ్రి. నూనె ఉన్నది. ఒక్క బుడగ ఉన్నదా? గాలి నా సీసల లేదు. మీ ముక్కులల్ల ఉన్నది. మీరు పీల్చుకునేది గదే. నమ్మకం లేదా? అయితె మల్ల చూడుండ్రి, ఇప్పుడు నేనే పెడ్త."

నట్టు విప్పి, గొట్టం పీకి, పెద్దవ్వతో తొక్కించి వదిలించాను. వదిలినప్పుడల్లా గాలి లోపలికి పోయింది. నాలుగుసార్లు అలా చేసి నట్టు బిగించాను.

"అవ్వా, ఇప్పుడు తొక్కు."

"అయ్యో! మల్ల జావయింది!"

"ఈ గాలి ఎవలు వెట్టిన్రు? నేను. మంత్రం సదివిన్నా? నిమ్మకాయ కోసిన్నా? పానా తిప్పిన. గింతే. దీనికి పండ్లు రాలగొట్టేదుంటె నాయి రాలగొట్టుండ్రి."

తర్వాత పానా యాదగిరి చేతిలో పెట్టాను. ఈసారి అతని భార్య ఆపలేదు. నేను పోయి బాలమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను, చేతులు కట్టుకుని. కారుకు ఇరవై అడుగుల దూరం. "తొక్కు" అని యాదగిరి అరిచాడు, "తొక్కుతున్న" అని పెద్దవ్వ అరిచింది. యాదగిరి ఒకసారి ముందు నట్టు విప్పి తర్వాత తొక్కమన్నాడు. ముసలామె, "అట్ల గాదు రా గాడిద, ముందుగాల నేను తొక్కాలె!" అని తిట్టింది. అప్పటికే పని వచ్చేసింది ఆమెకు. వాళ్ళిద్దరే గాలి పంపేశారు. పెడలు గట్టిపడింది.

పెద్దవ్వ దిగివచ్చి అందరి మధ్య నిలబడింది.

"దీన్ల ఏం లేదు. వట్టి నూనె, వట్టి గాలి. నా కాలుకు తెల్సింది." మంత్రగాడి వైపు తిరిగి, "నా కోడిపెట్ట వట్టిగనే పాయె" అంది.

పటేలు అరుగు మీద నుంచి లేచి లోపలికి పోబోయాడు. గుంపు కదలడం మొదలుపెట్టింది. బాలమ్మ మాత్రం కూర్చున్నచోటనే ఉంది.

"పోవే బాలమ్మా, అయిపాయె గద" అన్నారెవరో.

"పటేలా!" ఆమె కేకేసింది. "అందరి ముంగట కూసోవెట్టినవ్. అందరి ముంగటనే లెవ్వుమను."

పటేలు ఆగాడు. గోడ వైపు చూస్తూ ఏదో గొణిగాడు.

"ఇనవడలె" అంది బాలమ్మ.

"లెవ్వు బాలమ్మా. నీ తప్పేం లేదు."

ఆమె లేచింది. కొంగు దులుపుకుంది. ఎవరికీ దండం పెట్టలేదు, నాకు కూడా. నా తప్పు వల్ల పొద్దంతా ఎండలో కూర్చున్న మనిషి నాకు దండం ఎందుకు పెట్టాలి?

ఆ తర్వాత

కథ అక్కడ తీయగా ముగిసిందని రాస్తే అబద్ధమవుతుంది. పటేలు తన చుట్టాల బళ్ళేవీ మా షెడ్డుకు రానివ్వలేదు. ఉస్తాద్ దాన్ని పట్టించుకోలేదు. నెల తిరక్కముందే ఆత్మకూరు వైపు నుంచి ఒకాయన కోడలిని ఎడ్లబండిలో వేసుకుని వచ్చాడు. "సీసల గాలి వట్టే మేస్త్రి నువ్వేనటగద" అన్నాడు. ఆ పిల్ల బాలింత, ఒళ్ళు కాలిపోతోంది. నేను నెత్తి కొట్టుకున్నాను. ఇంత చేస్తే మిగిలింది ఇదా? ఉస్తాద్ నన్ను తిట్టి, "కోపం తర్వాత. ముందు దవాఖాన" అన్నాడు. నల్లగొండ పోయే లారీని ఆపి ఎక్కించాం. ఆ పిల్ల బతికింది. మామకు ఏమర్థమైందో నాకు తెలియదు.

కాబట్టి ఒక్కసారి చూపిస్తే జనం మారిపోతారని మీకు చెప్పను. ఆ వాకిట్లో దండాలు పెట్టినవాళ్ళలో చాలామంది చచ్చేదాకా నేను గాలిని సీసాలో పట్టాననే చెప్పుకున్నారు. కాలితో తెలుసుకున్న ముసలామె, చేత్తో తెలుసుకున్న యాదగిరి మాత్రం మారారు. చూసినవాళ్ళు చూసింది మర్చిపోతారు, చేసినవాళ్ళు మర్చిపోరు. నలభై ఏళ్ళలో నేను నేర్చుకున్నది ఇంతే. అందుకే ఆ తర్వాత నా చేతి నుంచి పోయిన ప్రతి బండికీ, యజమాని ఎంత పెద్దవాడైనా, ఆయన్నే సీట్లో కూర్చోబెట్టి తొక్కించాను. "నాకెందుకయ్యా ఈ పని" అన్నవాళ్ళకు తాళంచెవి ఇవ్వలేదు. పొగరుబోతు మేస్త్రి అని పేరొచ్చింది. ఆ పేరు నేను సంపాదించుకున్నది, ఎవరికీ తిరిగి ఇవ్వను.

ఇక మీ సంగతి. పనిలో మీరు వాడే మాట అవతలి మనిషి చెవిలో ఏమవుతుందో మీకు పట్టదా? "నేను మేస్త్రిని, నా పని నట్టు బిగించడం" అంటారా? అలా అన్నవాడి మాట మీదే ఒక మనిషి వాకిట్లో కూర్చోవలసి వచ్చింది. ఆ వాకిళ్ళు ఇంకా ఉన్నాయి. మోటార్లు మారాయి, ఫోన్లు వచ్చాయి, ఒంటరి ఆడదాని మీద వేలు చూపించే అలవాటు పోలేదు. మీ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరి పేరు గుసగుసగా చెబుతున్నారో మీకు తెలుసు. తెలియదని నాతో అనకండి.

పానా కింద పెట్టండి. ఈ పూటే ఆ మనిషి ఇంటికి పోండి. పొద్దు గూకకముందే ఆమె పక్కన, అందరూ చూస్తుండగా, నేల మీద కూర్చోండి.